పెరటిచెట్టు మందుకు రాదా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



“పెరటిచెట్టు మందుకు రాదు” అను సామెతను ఎరుగని తెలుగువాడుండడు. దీనిని మనుష్యులకు అన్వయించి చెప్పుట వాడుక. ఊరిలో పుట్టి పెరిగిన పండితునకు ఊరివారు చేయని గౌరవమును పొరుగూరివారు చేసినపుడు ఈ మాట వినవచ్చును. కాని సామెతలో ఉన్నది చెట్టే. ఇంటివెనుక కంచెలో నిలిచియున్న మొక్కను విడిచి, దాని ఎండుటాకునే అంగడిలో పొట్లము కట్టించి తెచ్చుకొను గృహస్థుని చూచి ఏ వృద్ధురాలో నవ్వి అన్న మాట అయియుండును.

ఈ ప్రసంగమునకు విషయము అట్టి మొక్క ఒకటి, అడ్డసరము. స్థలము మాత్రము ఈ గ్రామము కాదు, హైదరాబాదు పాతనగరము. గ్రంథాలయపు పండుగకు కూడిన గ్రామస్థులకు పట్టణపు సందుల ముచ్చట ఎందుకని తోచవచ్చును. కారణము లేకపోలేదు. పల్లెలో అడ్డసరము కంచెకు కంచెయై ఉండును గనుక దానివంక ఎవరును తేరిపార చూడరు. పాతనగరములో పిడికెడు మంటికే కరవు. అచ్చట ఒక ఇల్లాలు పగిలిన కుండలోనో, ఖాళీ నూనెడబ్బాలోనో ఒక కొమ్మ నాటినచో దాని ప్రతి ఆకునకును లెక్క ఉండును. ఆ మొక్కను ఎంతవరకు నమ్మవచ్చును, ఎచ్చట నమ్మరాదు అను ప్రశ్న ఆ ఇరుకు ఇండ్లలో ప్రాణములతో ముడిపడియున్నది.

పాతనగరమనగా మూసీనదికి దక్షిణపు గట్టున, 1591లో కట్టబడిన చార్మినారును నడుమ నుంచుకొని పెరిగిన పట్టణము. దేశములోని వైద్యపద్ధతులన్నియు పక్కపక్కన కాపురముండు చోటు అది. చార్మినారు చెంతనే యునానీ వైద్యశాల ఉన్నది. నది దాటగనే అఫ్జల్‌గంజులో ఉస్మానియా ఆస్పత్రి. ఆ ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టును గూర్చి ఒక మాట చెప్పక పోరాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచినపుడు ఆ చెట్టుకొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది బ్రతికిరి. ఆకు నూరకుండ, కషాయము కాచకుండ ఇందరి ప్రాణములు కాచిన చెట్టు మరియొకటి ఉన్నదో లేదో!

లాల్‌దర్వాజా, శాలిబండ, గౌలిపుర, ఉప్పుగూడ ప్రాంతములలో తెలుగు కుటుంబములు తరతరములుగా ఉన్నవి. ఆషాఢమాసమున లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాలకు ఘటములకు కట్టు వేపమండలు, పూయు పసుపు చూచినవారికి, చెట్టును మందుగాను దైవముగాను ఏకముగా చూచు అలవాటు అచ్చటి జనములో ఎంత లోతుగా ఉన్నదో తెలియును. వారి పొరుగిండ్లలో ఉర్దూ మాటలాడు కుటుంబములు. ఒక గోడకు ఇవతల అడ్డసరమన్న ఆకునే గోడకు అవతల ‘అడూసా’ అందురు. వైద్యుడు కషాయమన్నదానిని హకీము ‘జోషాందా’ అనును. చలికాలపు ఉదయమున రెండు ఇండ్లలోను పొయ్యిమీద మరుగునది దగ్గుమందే. ఒక ఇంటి మొక్క ఆకు రెండవ ఇంటికి గోడమీదుగా పోవుటలో మతభేదము, భాషాభేదము ఏనాడును అడ్డు రాలేదు.

ఇక మొక్కను గూర్చి. అడ్డసరము ఏడాది పొడుగున పచ్చగా నుండు గుబురు పొద. నిలువెత్తు, అనుకూలమైన చోట అంతకు మించియు పెరుగును. ఆకులు జంటలు జంటలుగా ఎదురెదురుగా పుట్టును. ఆకు జానెడు పొడవు వరకు సాగి, రెండు కొసలయందు సన్నగిలియుండును. నలిపినచో ఒక విధమైన ఘాటు వాసన కొట్టును. పువ్వులు కంకులుగా వచ్చును. పువ్వు తెల్లనిది, క్రింది రేకుపై ఊదారంగు చారలు. తెరచిన సింహపు నోటివలె నున్నదని పూర్వులు దీనికి ‘సింహాస్య’ మను పేరు కూడ పెట్టిరి. సంస్కృతమున వాస, వాసక, ఆటరూషము అను పేర్లు ప్రసిద్ధములు. చరక సుశ్రుతాది గ్రంథములలో కాస, శ్వాస, రక్తపిత్త ప్రకరణములందు ఇది తరచు కానవచ్చును.

పశువులు దీనిని ముట్టవు. మేక తినని ఆకు లేదందురు గాని, దీని చేదుకు మేక కూడ మూతి త్రిప్పుకొనును. తమిళమున దీని పేరునకు అర్థమే ‘మేక ముట్టనిది’. స్వీడను దేశపు లిన్నేయసు 1753లో ప్రపంచములోని మొక్కలకెల్ల జంటపేర్లు పెట్టినపుడు ఆ దక్షిణదేశపు పేరునే తీసికొని దీనిని ‘జస్టీషియా అధతోడా’ అనెను. మన గొల్లపిల్లలకు తెలిసిన సంగతి ఆ విధముగా ప్రపంచపు శాస్త్రగ్రంథములకు ఎక్కినది. పశువు ముట్టదు గనుకనే ఇది కంచెకు పనికివచ్చినది. కంచెలో ఉన్నది గనుకనే చులకనయైనది.

అంగడిలో దొరకు ఎండుటాకును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. బేగంబజారు మొదలుకొని చార్మినారు చుట్టుప్రక్కల వరకు మూలికలమ్ము పన్సారీ దుకాణములు అనేకము కలవు. తరతరములుగా ఆ వ్యాపారము చేయుచు సరకు వాసన చూచి మంచిచెడ్డలు చెప్పగల వారును వారిలో కలరు. అయినను ఎండి, నలిగి, గోనెసంచిలో వచ్చిన ఆకు తాను ఏ చెట్టుదో తానై చెప్పదు. అడ్డసరపు ఆకులో పెద్దమాను ఆకు కలియుట మూలికాశాస్త్రజ్ఞులు ఎన్నడో గుర్తించిన కల్తీ. సూక్ష్మదర్శినిలో పెట్టి చూచినచో రెండింటికిని తేడా స్పష్టము. అడ్డసరపు ఆకుపొరలో సున్నపురాయి గుళికలు పొదిగియుండును, ఆకు ఊపిరి రంధ్రముల అమరిక వేరుగా నుండును. కాని పొట్లము విప్పి కషాయము పెట్టుకొను ఇల్లాలికి సూక్ష్మదర్శిని ఎచ్చటిది? దక్షిణమున కేరళదేశమున చిన్న ఆకుల అడ్డసరమని వేరొక జాతిని వాడుదురు. పేరు ఒకటే, మొక్క వేరు. అందుచేత ఇంటి మొక్కకున్న మొదటి విలువ దాని గుణము కాదు, గుర్తు. పూత పూయగా చూచిన మొక్క, తన చేతితో నీరు పోసిన మొక్క ఏదియో ఇంటివారికి సందేహముండదు. సామెతను తలక్రిందులు చేసి చెప్పవలసిన చోటు ఇదియే.

అయితే పెరడు మంచిదైనచో గదా పెరటిచెట్టు మంచిదగుట! పాతనగరపు పరిస్థితి వేరు. మూసీ ఈనాడు మురుగు మోయు నది. దాని గట్టున, మురుగుకాలువల అంచున పెరిగినది ఎంత పచ్చగా నున్నను మందుకు కోయరాదు. మొక్క నేలలోని పోషణతోపాటు నేలలోని విషమును కూడ పీల్చుకొనును. మోటారుబండ్లు తెంపులేక పోవు రహదారి ప్రక్క ఆకును కూడ విడువవలెను. శుభ్రమైన మన్ను తెచ్చి డబ్బాలో పోసి, మిద్దెమీద ఎండ తగులుచోట నుంచిన మొక్క మేలు. వానలు పడగనే ముదురుకొమ్మను జానెడు ముక్కగా కోసి, రెండు కణుపులు మంటిలో మునుగునట్లు నాటినచో చాలును. దీనికి ఎరువు తొందర లేదు, చీడల బెడద తక్కువ. ఈ ఆకుకు పురుగులను పారద్రోలు గుణము కలదని పండ్లను మాగవేయునపుడు దీనిని పరచుట పూర్వపు వాడుక.

మందు చేయు పద్ధతికి వత్తము. పచ్చి అడ్డసరపు ఆకును ఊరక రోట వేసి దంచినచో రసము రాదు, పిప్పి మాత్రము మిగులును. ఆకునకు వేడి తగులవలెను. శార్ఙ్గధరుడు మొదలగువారు చెప్పిన పుటపాకమునకు అర్థమిదియే. ఆకును నూరి ముద్దచేసి, వేరు ఆకులతో చుట్టి, పైన మన్ను మెత్తి, నిప్పులలో నుంచి, మన్ను ఎర్రబారిన పిమ్మట తీసి పిండుదురు. పాతనగరపు మూడవ అంతస్తులో గ్యాసుపొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలు ఇంత తతంగము చేయజాలదు, చేయ నక్కరయు లేదు. ఆకులను కడిగి, ఇడ్లీపాత్రలో ఆవిరిపై మెత్తబడనిచ్చియో, పెనముమీద వాడ్చియో, దంచి గుడ్డలో పిండినచో రసము దిగును. అదే పుటపాకపు సూత్రము, పరికరము మారినది.

మోతాదు విషయమున అంచనాలు పనికిరావు. భారత ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథము పెద్దవారికి అడ్డసరపు పచ్చి ఆకురసము 10 నుండి 20 మిల్లీలీటర్లని నిర్ణయించినది. అనగా చిన్న చెంచాతో రెండు మొదలు నాలుగు చెంచాలు. గ్లాసెడు కాదు. చేదు విరుగుటకు తేనె కలుపుదురు, మిరియపు పొడియో పిప్పళ్లపొడియో చేర్చుదురు. ఏడాది నిండని శిశువునకు తేనె నాకించుట ప్రమాదము. పెద్దవారి కడుపు తట్టుకొను ఒక క్రిమి బీజములను పసికందు తట్టుకొనలేడు. చిన్నపిల్లలకు ఈ రసమును వైద్యుని అడుగక పోయుట ఏ విధముగను తగదు.

అన్నిటికంటె ముఖ్యమైన నిషేధము మరియొకటి. గర్భిణికి అడ్డసరము ఇయ్యరాదు. దీని సారమునకు గర్భాశయమును సంకోచింపజేయు గుణము కలదు. దగ్గుకు చెంచాడు రసమిచ్చి కడుపునకు ముప్పు తెచ్చిపెట్టుట జరుగవచ్చును. “ఆకుమందే గదా, ఏమగును” అను మాట మన ఇండ్లలో ఎంత సులభముగా వినబడునో తెలియని వారు లేరు. ఏమియు కానిది మందే కాదు. పనిచేయునది ఏదైనను ఎచ్చటనో ఒకచోట చెరుపు కూడ చేయగలదు.

తిప్పతీగ కథ ఇందుకు తాజా నిదర్శనము. కరోనా మహమ్మారి దినములలో దేశమంతట ఇంటింట తిప్పతీగ కషాయము కాచిరి. 2021లో బొంబాయి వైద్యులు తిప్పతీగ వాడినవారిలో కాలేయము దెబ్బతినిన ఆరుగురిని గూర్చి ప్రకటించిరి. అది అసలు తిప్పతీగయో, దానిని పోలిన వేరొక తీగయో తేల్చకుండ నిందింపరాదని కేంద్ర ఆయుష్ శాఖ ఆక్షేపించినది. ఆ వాదము ఎట్లు తేలినను ఇంటివారు గ్రహింపవలసినది ఒకటే. మొక్క సరియైనదని తెలియవలెను, ఎంత, ఎన్నాళ్లు అను లెక్క ఉండవలెను. ఈ రెండును లేక నెలల తరబడి త్రాగుట వైద్యము కాదు.

అడ్డసరమును ఆధునికశాస్త్రము పట్టించుకొనలేదని ఎవరైన అనుకొన్నచో అది పొరపాటు. 1888లో డేవిడ్ హూపరు అను రసాయనవేత్త ఈ ఆకునుండి ‘వాసిసీను’ అను క్షారపదార్థమును వేరుపరచెను. మన ‘వాస’ పేరే దానికి నిలిచినది. ఆ పదార్థపు నిర్మాణమును మాదిరిగా గైకొని జర్మనీ రసాయనజ్ఞులు ‘బ్రోమ్‌హెక్సీను’ అను మందును తయారుచేసిరి. 1963లో అది అంగడికి వచ్చినది. దాని నుండి శరీరములో ఏర్పడు ‘ఆంబ్రాక్సాలు’ అనునదియు తరువాత ప్రత్యేకముగా మందైనది. గట్టిపడిన కఫమును పలుచబరచి వెడలించుటయే ఈ రెండింటి పని. నేడు పాతనగరపు ఏ మందుల దుకాణములోనైనను దగ్గుమందు సీసాలపై ఈ పేర్లు చూడవచ్చును. అనగా మిద్దెమీద డబ్బాలోని పొదకును, క్రింద దుకాణములోని సీసాకును చుట్టరికమున్నది. సీసా కొనుచు పొదను ఎగతాళి చేయువాడును, పొదను పొగడుచు సీసాను తిట్టువాడును ఇద్దరును ఆ చుట్టరికము తెలియనివారే.

ఈ సందర్భమున పాతనగరపు మరియొక దగ్గుమందును గూర్చి చెప్పకున్న వినువారికి వెలితిగా నుండును. దూద్‌బౌలికి చెందిన బత్తిని గౌడు కుటుంబమువారు మృగశిర కార్తె ప్రవేశించు దినమున ఉబ్బసపురోగులకు బ్రతికిన కొరమీను పిల్ల నోట మందు పెట్టి మ్రింగించుట జగద్విదితము. 1845 నుండి ఈ ఆచారము నడచుచున్నదని ఆ కుటుంబమువారు చెప్పుదురు. తొలుత దూద్‌బౌలిలోని ఇంటివద్దనే పంచిన ఆ మందును తరువాత జనసమ్మర్దముచేత నాంపల్లి ఎగ్జిబిషను మైదానము వంటి విశాలస్థలములలో పంచుచున్నారు. చేప తినని వారికి బెల్లముతో నిత్తురు. రుసుము పుచ్చుకొనరు. ఆ ఔదార్యమును కాదనువారు లేరు. కాని ఆ మందులో ఏమున్నదో ఆ కుటుంబమునకు తప్ప ఇతరులకు తెలియదు. రహస్యమైన మందును పరీక్షించుట సాధ్యము కాదు, పరీక్షకు నిలువని దానిని నమ్ముటయో నమ్మకుండుటయో తప్ప మూడవ దారి లేదు. అడ్డసరపు సంగతి ఇందుకు విరుద్ధము. మొక్క అందరిది, పేరు అందరికిని తెలియును, చేయువిధము గ్రంథములలో ఉన్నది, సారము ప్రయోగశాలలో తేలినది. అది ఏమి చేయునో చెప్పవచ్చును. ఏమి చేయజాలదో కూడ చెప్పవచ్చును. ఈ రెండవ మాటయే ఈ ప్రసంగమునకు ప్రధానము.

లాల్‌దర్వాజా సందులలో ఒక ఇంటిని ఊహింతము. రెండు గదులు, ఆరుగురు మనుష్యులు. పెద్దకుమారుడు లాడ్‌బజారు గాజుల పనివాడు. కిటికీ లేని గదిలో నిప్పుల ప్రక్క కూర్చుండి లక్క కరిగించి గాజులపై రాళ్లు పొదుగును. అతనికి దగ్గు పట్టినది. తల్లి మిద్దెమీది అడ్డసరపు ఆకు కోసి, ఆవిరి పట్టించి, పిండి, తేనె కలిపి ఇచ్చినది. నాలుగు దినములలో కఫము తెగినది, రాత్రి నిద్ర పట్టినది. మందు పనిచేసినదని ఇల్లంతయు సంతోషించినది. అది అబద్ధము కాదు, నిజముగనే పనిచేసినది.

పది దినములకు దగ్గు మరల వచ్చినది. తల్లి మరల రసము తీసినది. సాయంకాలమునకు ఒళ్లు వెచ్చబడుచున్నది, రాత్రి చెమట పోయుచున్నది, మనిషి చిక్కుచున్నాడు. “ఇంకొక గుక్క తాగు బిడ్డా, తగ్గుతది” అని ఆమె గ్లాసు అందించుచునే యున్నది. నెల గడచినది. రెండవ నెలలో తెమడలో నెత్తుటిచార కనబడినది. ఇచ్చట ఆమెకు తెలిసిన విద్యయే ఆమెను మోసగించినది. అడ్డసరము నెత్తురు కట్టునని పెద్దలు చెప్పగా ఆమె వినియున్నది. శాస్త్రము రక్తపిత్తమునకు దీనిని విధించినది గదా! కావున ఆమె భయపడుటకు మారుగా మోతాదు పెంచినది. అదే గదిలో పండుకొను మనుమరాలికి దగ్గు మొదలైనది. నెల తప్పిన కోడలు కూడ దగ్గుచున్నదని ఆమెకును రెండు చెంచాలు పోసినది. ప్రేమలో లోపము లేదు, ఆకులో కల్తీ లేదు. అయినను ఆ ఇంట మూడు ప్రాణములు ఆపదలో పడినవి.

అది క్షయ. 1882 మార్చి 24న బెర్లినులో రాబర్టు కాకు దాని క్రిమిని లోకమునకు చూపెను. దగ్గినపుడు గాలిలో కలసి, గాలి వెలుతురు చొరని గదులలో ఒకరినుండి ఒకరికి వ్యాపించు క్రిమి అది. పాతనగరపు సందుల వంటి చోటులు దానికి అనుకూలములు. మన పూర్వవైద్యులు క్షయరోగికి అడ్డసరము ఉన్నంతవరకు ఆశ ఉన్నదని భావించిరి. వేరు మందు లేని కాలమున దగ్గు శమించుటయే, నెత్తురు తగ్గుటయే ఎంతో మేలు గనుక ఆ మాట ఆనాటికి తగినది. వారిని ఆక్షేపింప పనిలేదు. ఆ మాటను పట్టుకొని నేడు ఔషధములు చేతికందుచుండగా కూర్చుండువారిని ఆక్షేపింపవలసియున్నది.

బ్రోమ్‌హెక్సీను, ఆంబ్రాక్సాలు ప్రయోగశాలలో క్షయక్రిమి పెరుగుదలను కొంత అరికట్టినట్లు 1996లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దీనిని చూచి “అడ్డసరము క్షయను నయము చేయునని తేలినది” అని చాటుట తొందరపాటు. గాజుపాత్రలో క్రిమి పెరుగుదల తగ్గుట వేరు, మనిషి ఊపిరితిత్తిలో క్రిమి నశించుట వేరు. ఆకురసము త్రాగినచో క్షయ నయమగునని ఋజువు లేదు.

ఇంటివైద్యమునకు ఎంతయు గర్వకారణమైన సంగతి మాత్రము క్షయచరిత్రలోనే ఉన్నది, అది వేరు విధమైనది. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమును స్థాపించిరి. ఆ కాలమున క్షయరోగిని ఊరికి దూరముగా శానిటోరియములో మంచముపై నుంచి, పాలు గ్రుడ్లు పెట్టి కాపాడవలెననుట వైద్యలోకపు నిశ్చయము. పేదవానికి అది ఎట్లు సాధ్యము? మద్రాసు వైద్యులు రోగులను రెండు తెగలుగా చేసి, కొందరిని శానిటోరియములో నుంచిరి, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉండనిచ్చి అవే మాత్రలు ఇచ్చిరి. 1959లో ఫలితము ప్రకటించిరి. క్రమముగా మందు మ్రింగినచో ఇంటిలో నున్నవాడును శానిటోరియములో నున్నవానితో సమానముగా కోలుకొనెను. ఇంటివారికి అంటుటయు ఎక్కువ కాలేదు. ప్రపంచమంతట క్షయరోగిని ఇంటివద్దనే నయము చేయు పద్ధతికి ఆ ఫలితమే పునాది. అనగా ఇంటిలో క్షయ నయమగుట నిజమే. కాని నయము చేయునది మాత్ర.

ఆ మాత్రలు నేడు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితము. మందులకు లొంగు సాధారణ క్షయకు చికిత్స 6 నెలలు. క్షయరోగికి ఆహారమునకై నెలకు 500 రూపాయలు ఇచ్చు పథకము 2018లో మొదలైనది, 2024 నవంబరునుండి ఆ మొత్తము 1000 రూపాయలైనది. రెండు వారములు దాటిన దగ్గు ఏదైనను తెమడ పరీక్షకు పోవలెనని జాతీయ కార్యక్రమపు నియమము. కావున గాజుల పనివాని తల్లికి చెప్పవలసిన మాట “ఆకు విడువుము” అని కాదు. ఆమె మనసుకు అది నచ్చదు, నచ్చనవసరమును లేదు. “పదునాలుగు దినములు లెక్కించుము” అని చెప్పవలెను. పదునైదవ నాడు కొడుకును వెంటబెట్టుకొని తెమడ డబ్బా చేతపట్టి పోవలెను. నెత్తురు కనబడినను, సాయంజ్వరము వచ్చినను, ఆయాసము తోచినను, చిన్నపిల్లకు ఊపిరి ఎగబడినను పదునాలుగు దినములు కూడ ఆగరాదు. చార్మినారు యునానీ వైద్యశాలకు పోయినను, ఎర్రగడ్డలోని ఆయుర్వేద కళాశాలకు పోయినను, మంచి హకీముగాని వైద్యుడుగాని అట్టి రోగిని ఎర్రగడ్డలోనే యున్న ఛాతీ ఆస్పత్రికి పంపకుండ ఉండడు.

అడ్డసరమును క్షయమాత్రలతోపాటు వాడవచ్చునా అని కొందరు అడుగుదురు. ఆ మాత్రలు కాలేయముపై భారము వేయునవి గనుక చికిత్స చేయు వైద్యునితో చెప్పకుండ వేరొక మందును, అది ఆకే కానిమ్ము, కలుపరాదు. దాచి త్రాగుట అన్నిటికంటె చెడ్డది. ఆస్పత్రిలో ఆకుమాట ఎత్తినచో కోపపడుదురని భయపడి రోగులు దాచుదురు. కోపపడు వైద్యుల తప్పును కొంత ఇందులో ఉన్నది.

గ్రంథాలయమునకు ఈ విషయముతో పని ఏమి? హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయమును నెలకొల్పినవారిలో ఒకరైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి తెలుగులో చరిత్రలతోపాటు శాస్త్రగ్రంథములను కూడ ప్రకటింపజేసిరి. గ్రంథాలయమునకు వచ్చు రైతుకు, గృహిణికి తన చుట్టు ఉన్న ప్రపంచము తన భాషలో తెలియవలెననుట వారి సంకల్పము. ఓషధులను గూర్చిన పుస్తకము బీరువాలో ఉండుట మంచిదే. ఆ పుస్తకములోని మొక్క గ్రంథాలయపు ఆవరణలో నాటబడి, దానిముందు ఒక పలక ఉండుట మరింత మంచిది. పలకపై పేరు, ఏ భాగము, ఎంత, ఎవరికి కూడదు, ఎన్ని దినములు దాటినచో ఆస్పత్రికి పోవలెను అను అయిదు మాటలు చాలును. అక్షరములు పెద్దవిగా నుండవలెను. చదువురాని వారికి చదివి చెప్పుటకు గ్రంథపాలకుడున్నాడు.

మృగశిర కార్తె వచ్చుచున్నది. ఆ దినమున నగరములో వేలాది జనులు చేపమందుకు బారులు తీరుదురు. అదే కార్తెలో తొలివానకు నేల నానును, కొమ్మ నాటుటకు అది అదను. గ్రంథాలయపు బావివద్ద, నీరు పోయు కాలువ ప్రక్కన రెండు మూరల చోటు ఖాళీగా కనబడుచున్నది. ఆనాడు నాటిన కొమ్మ దీపావళికి మోకాలియెత్తు గుబురగును. ఊరిలో చలికాలపు దగ్గులు మొదలగునాటికి కోతకు ఆకు సిద్ధముగా నుండును. పలక వ్రాయించుటకు అంతవరకు వ్యవధి ఉన్నది.